గాలి రోజున నా పక్షి పాండిత్యం

ఆ రోజుల్లో మా బతుకులన్నీ రంగుల మీద నడిచేవి. కంపెనీలో సౌదీలు సరిపడా ఉంటే పచ్చ, తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు. నితాఖత్ అనే ఆ సౌదీ సర్కారు లెక్కలో మా చిన్న మెయింటెనెన్స్ కంపెనీ ఏ మొహమాటమూ లేకుండా ఎరుపులోకి జారిపోయింది. ఎరుపంటే ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యూ కావు, ఇకామా లేనివాడికి ఆ దేశంలో నిలబడటానికి చోటు లేదు. పైన మనిషికింతని సర్కారు గుంజే లెవీల గోల వేరే. (పొద్దున్నే అద్దంలో మొహం చూసుకోవడానికి ముందే కంపెనీ రంగు కనుక్కునేవాళ్ళం.) గడువు దగ్గరపడ్డవాళ్ళం ఇద్దరం మిగిలాం. ఒకణ్ణి నేను, కైకలూరు దగ్గర్నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ళ గుమాస్తాను, అన్నీ తెలుసనుకునే వయసు. రెండో ఆయన డైనా కాక. జగిత్యాల వైపు మనిషి, పద్దెనిమిదేళ్ళుగా కంపెనీ చిన్న లారీ, డైనా బండి నడుపుతున్నాడు కాబట్టి అందరికీ ఆ పేరే. పచ్చలో ఉన్న తన తమ్ముడి కంపెనీలోకి ముదీర్ ఒక్కరినే మార్చగలడట అని అకౌంటెంటు నా చెవిలో ఊదాడు. ముదీరంటే మా మేనేజరు. ఆ ఒక్కరూ నేనే కావాలని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను. కాకకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. మరిచిపోయానని ఆ రోజుల్లో నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

మా ముదీర్ సౌదీ పెద్దాయన, నెమ్మదస్తుడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పిట్టలు. ఆఫీసులో కూడా మెడలో బైనాక్యులర్స్ వేలాడుతుండేవి. ఒకరోజు మీది ఏ ఊరని ఆయన అడగడమూ, నేను కొల్లేరు పేరెత్తడమూ, ఆయన కళ్ళు మెరవడమూ వరసగా జరిగిపోయాయి. ఇంక ఆగలేదు నేను. మా ఇంట్లో మనుషులకంటే పక్షులే ఎక్కువన్నాను, రెక్క చప్పుడు వింటే చాలు జాతి చెప్పేస్తానన్నాను. (కొల్లేటిని నేను చూసింది ఏలూరు బస్సు కిటికీలోంచి, అదీ నిద్రమత్తులో.) ఆయన సంతోషపడి, శుక్రవారం ఖతీఫ్ వైపు సముద్రపు ఒడ్డుకు రమ్మన్నాడు. కుర్చీలూ చాయ్ ఫ్లాస్కూ పట్టుకుని కాక డైనాలో వస్తాడన్నాడు.

మార్చి నెల. ఆ శుక్రవారం గాలి ఎలా వీచిందంటే, నా చొక్కా నాకంటే ముందు నడిచింది. దూరంగా నీళ్ళలో ఫ్లెమింగోలు గులాబీ రంగులో బారులు తీరి నిలబడ్డాయి. వాటిని చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు కాబట్టి నేనూ గంభీరంగా గుర్తుపట్టాను. ఆ ధైర్యంతో, బురదలో కర్రపుల్ల పక్కన తెల్లగా కదులుతున్నదాన్ని చూపించి, తెల్ల కొంగ, ఆడది, గుడ్లు పెట్టే ఆలోచనలో ఉంది అన్నాను. ముదీర్ నోట్‌బుక్‌లో శ్రద్ధగా రాసుకున్నాడు. పావుగంట తర్వాత గట్టి గాలి ఒకటి రాగానే నా కొంగ లేచి, గిరగిరా తిరిగి, ఎగురుకుంటూ వచ్చి ముదీర్ మోకాలికి చుట్టుకుంది. కిరాణా దుకాణం ప్లాస్టిక్ సంచి. ఆయన దాన్ని మర్యాదగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

అప్పుడు వచ్చాడు కాక, చాయ్ పోసే నెపంతో. నా పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా తెలుగులో అందివ్వడం మొదలుపెట్టాడు. "ఆ చిన్నయి చూడు పిలగా, అన్నీ గాలికి ఎదురు మొకం పెట్టి నిలవడ్డయ్. గాలి ఎనుకకెళ్ళి కొడితె ఈకలు లేస్తయ్, సలి వెడ్తది." నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, నా చిన్ననాటి పరిశీలనలో తేలిందేమిటంటే అంటూ ముదీర్‌కు వడ్డించాను. నీళ్ళు వెనక్కి గుంజితే పీతల దొంగ దిగుతాడని కాక అన్నాడు. మా కొల్లేట్లో కూడా ఇంతేనని నేనన్నాను. నిజంగానే కాసేపటికి నీరు తగ్గి, నలుపూ తెలుపూ కలిసిన పొడుగుకాళ్ళ పక్షి ఒకటి దిగి బురదలోంచి పీతను లాగింది. ముదీర్ చప్పట్లు కొట్టినంత పనిచేశాడు. నేను వినయంగా తల వంచాను.

ఆయన మాత్రం నన్ను దాటి కాక వైపు తిరిగి అరబ్బీలో ఏదో అడిగాడు. కాక అంతకంటే వేగంగా అరబ్బీలోనే జవాబిచ్చాడు. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. (నా అరబ్బీ సలాం దగ్గర మొదలై అక్కడే ఆగిపోయేది.) ఆ తర్వాత ముదీర్ నోట్‌బుక్ పాత పేజీలు తెరిచి, పదేళ్ళుగా ఈ ఒడ్డు తనకు చూపించింది కాకేనని ఇంగ్లీషులో చెప్పాడు. అరబ్బీ అక్షరాల్లో రాసుకున్న పేరొకటి వేలితో చూపించి, అరబ్బీలో ప లేదు కాబట్టి "బీతల్ దొంగ" అని చదివాడు. నాకు ఆ బురదలోకి దిగిపోవాలనిపించింది.

సాయంత్రం ముదీర్ తన జీపులో వెళ్ళిపోయాక డైనాలో నేనూ కాకా మిగిలాం. ఇక దాచలేకపోయాను. ఒక్కరికే చోటుందని, ఆ చోటు కోసమే ఈ నాటకమంతా ఆడానని, ఆయనతో పోటీ పడ్డానని చెప్పేశాను. కాక రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"ఎర్కనే. నేను ఇంటికి పోతనని ఎగ్జిట్ అడిగి నెల దాటె. మోకాళ్ళు క్లచ్ తొక్కనిస్తలెవ్వు. శుక్రవారం నాతోని ఎవలొస్తరిగ అని ముదీర్ పరేషాన్ అయిండు. నీ పేరు చెప్పిన. పిట్టలు తెల్వయ్ గని ముచ్చట మంచిగ చెప్తడు, మీకు పొద్దు వోతది అన్న."

దిగాక కుర్చీలూ ఫ్లాస్కూ ఆయన్ను ముట్టనివ్వకుండా నేనే లోపలికి మోశాను. బహుశా నా జీవితంలో అదే మొదటిసారి. ఆ చోటు నాకే వచ్చింది. తర్వాత చాలా శుక్రవారాలు ఆ పెద్దాయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను, కొన్ని పిట్టల పేర్లు నిజంగానే నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాణ్ణి తలుచుకుంటే ముందు చెవి మెలిపెట్టాలనిపిస్తుంది, అంతలోనే జాలితో నవ్వొస్తుంది. కాక ఊరికి వెళ్ళిపోయే రోజున కృతజ్ఞత చెప్పాలని దమ్మామ్ ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళాను. అక్కడ కూడా నా కొత్త కంపెనీ గురించీ కొత్త ఇకామా గురించీ గుక్క తిప్పుకోకుండా నేనే మాట్లాడాను. ఆయన నొప్పి కాళ్ళ మీద నిలబడి, లోపలికి పిలిచేదాకా వింటూనే ఉన్నాడు.