మెలిక పిడి

ఫిర్దోస్ చేసిన కత్తిని కంపెనీ మరోసారి ‘మునుపెన్నడూ చూడని ఆయుధం’ అని ప్రకటించిన రోజు, ఆమె ఆత్మకూరులో ఆఫీసు మెట్ల మీద కూర్చుని పులిహోర తింటోంది. ఫోన్‌లో ఆ కత్తి ఎర్రగా తళతళలాడుతోంది. ఆమె లెక్కపెట్టుకుంది. ఒకే కత్తి కొత్త పేరు పెట్టుకుని రావడం ఇది ఆరోసారి. ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్లు మండింది.

ఆఫీసంటే ఒక మేడ మీది రెండు గదులు, ఎనిమిది కంప్యూటర్లు. పెంచలప్రసాద్ హైదరాబాదులో పదేళ్లు పనిచేసి వచ్చి పెట్టుకున్నాడు. ఆన్‌లైన్‌లో వేలమంది ఒకేసారి ఆడే ఆటలకు కత్తులు, డాళ్లు, కవచాలు కంప్యూటర్‌లో తయారుచేసి ఒక పెద్ద కంపెనీకి పంపడం అక్కడి పని. ఆ ఆటల్లో ప్రతివాడూ ఒక వీరుడి వేషం కడతాడు. ఆ వీరుడికి కావలసిన ఆయుధాలు గెలుచుకుంటాడు, లేదంటే కొనుక్కుంటాడు. రోజూ కొత్తవి కావాలంటారు. రోజూ కొత్తవి ఎక్కణ్ణుంచి వస్తాయి? పాత కవచానికి భుజాల మీద రెండు కొమ్ములు పెడితే రాక్షస కవచం. దానికే నీలం పూస్తే మంచు కవచం. ఫిర్దోస్ కూడా చేరిన కొత్తలో రెండేళ్లు అదే పని చేసింది.

కానీ ఈ కత్తి వేరు. ఆమెది ఉదయగిరి. కొండకోట కింద, కర్రతో గరిటెలూ స్పూన్లూ చెక్కే వీధి. ఆమె తల్లి సుగ్రాబీ పన్నెండో ఏట ఉలి పట్టింది. గరిటె పిడిని రెండు తీగలు పెనవేసుకున్నట్టు, లోపల బోలుగా ఉండేట్టు ఒకే కర్రలో చెక్కుతుంది. ఎక్కడా అతుకు ఉండదు. ఆ ఇంట్లో దాన్ని మెలిక పిడి అంటారు. ఫిర్దోస్ మొట్టమొదట సొంతంగా చేసిన కత్తికి ఆ పిడే పెట్టింది. ఆటలో ముక్కూమొహం తెలియనివాళ్లు ఆ కత్తి పట్టుకుని గుంపుగా నిలబడితే, తనూ ఆటలోకి దూరి వాళ్ల మధ్య ఊరికే నిలబడి చూసేది.

ఆ ఆదివారం ఇంటికి పోయి ఆరోసారి సంగతి తల్లికి చెప్పింది. సుగ్రాబీ చేతిలో పని ఆపలేదు.

“నేను చేసేది ఒకటే గరిటె. నలభై ఏండ్ల నుంచీ అదే. అట్లని పాతదానికి రంగేసి, ఇది కొత్త రకమని ఎవురికన్నా అంటగట్టినానా? అడిగితే చెప్తాను, మా అమ్మకు అమ్మ, మా నానీ నేర్పిన మెలిక అని. చెప్పుకునేదానికి సిగ్గేంది?”

ఆ మాట ఫిర్దోస్‌కు తగిలింది. ఆ మధ్యాహ్నమే తల్లి చేసిన గరిటెను బల్ల మీద పెట్టుకుని, కొలతలు తీసి, పిడిని తన సొంత కంప్యూటర్‌లో మొదటినుంచీ మళ్లీ చేసింది. దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టి, “సుగ్రాబీ, ఉదయగిరి. ఎవరైనా వాడుకోవచ్చు. పేరు మాత్రం తీయకండి” అని రాసింది. ఆ తర్వాత ఆటగాళ్లు మాట్లాడుకునే చోటికి వెళ్లి, పాత కత్తి బొమ్మా కొత్త కత్తి బొమ్మా ఒకదానిమీద ఒకటి పెట్టి చూపించింది. “ఈ కత్తి చేసింది నేను. ఇది కొత్తది కాదు, పాతదానికి రంగు మార్చి నాలుగు ముళ్లు పెట్టారు. పాతదాన్ని మళ్లీ వాడడం తప్పు కాదు. కొత్తదని చెప్పడం తప్పు.” కింద తన పూర్తి పేరు రాసింది.

నాలుగో రోజుకి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ రాత తీసెయ్యాలి. ఇంటర్నెట్‌లో పెట్టిన పిడినీ తీసెయ్యాలి. మెలిక పిడి అనే రూపం కంపెనీ సొంతమని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి.

ప్రసాద్ ఆ కాగితం ఆమె ముందు పెట్టాడు. “చేరేటప్పుడు సంతకం పెట్టినావు కదమ్మా, ఇక్కడ చేసిందంతా వాళ్లదేనని.”

“కత్తి వాళ్లదే అన్నా. నేను కాదంటన్నానా? ఆ మెలిక ఇక్కడ పుట్టలేదు. మా ఇంట్లో పుట్టింది.”

“ఒక్క సంతకంతో పోయేదానికి ఎనిమిది మంది కడుపు కొడతావా?”

పక్క కంప్యూటర్ దగ్గర కూర్చునే రజిని, పని పోతుందన్న భయంతో, అప్పటికే రెండు రోజులుగా ఆమెతో మాట్లాడడం లేదు. అయినా ఫిర్దోస్ కాగితాన్ని వెనక్కి తోసింది.

“పెట్టను. వాళ్లను నాతోనే మాట్లాడమను. మా అమ్మను తోడుకోనొస్తా.”

సోమవారం పొద్దున బస్సు దిగి సుగ్రాబీ మేడ ఎక్కింది. చేతిలో గుడ్డసంచి. కంప్యూటర్ తెర మీద హైదరాబాదు నుంచి కంపెనీ లాయరు కనిపించాడు. కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు.

“ఈ డిజైన్ మా రికార్డుల్లో మూడేళ్ల కిందట ఎక్కిందమ్మా. అంతకుముందే ఉందనడానికి మీ దగ్గర ఆధారం ఉందా?”

“ఉండాది. చూడు.”

సుగ్రాబీ నేల మీద పాత పేపరు పరిచి కూర్చుంది. సంచిలోంచి ఒక కర్రముక్క, చిన్న బాడిసె, రెండు ఉలులు తీసింది. కర్రను పాదాల మధ్య బిగించి మొదలుపెట్టింది.

“అమ్మా, మాకు కావలసింది డాక్యుమెంట్.”

“కాసేపు కూచో నాయనా. నువ్వు రాసి చూపిస్తావు. నాకు రాత రాదు, చెయ్యి ఉండాది.”

గంట దాటింది. లాయరు ఒకసారి కెమెరా ఆపేశాడు, మళ్లీ పెట్టాడు. కర్రలో మొదటి మెలిక తేలేసరికి ఆఫీసులో కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. అందరూ ఆమె చుట్టూ చేరారు. రజిని తన ఫోన్ తెచ్చి, లాయరుకు దగ్గరగా కనిపించేట్టు ఉలి మొన దగ్గర పట్టుకుంది. ఎవరూ ఆమెను అడగలేదు.

పని పూర్తయ్యాక సుగ్రాబీ పిడిని గుడ్డతో తుడిచి తెరకు ఎదురుగా ఎత్తింది.

“మీ కంపెనీలో ఎవురన్నా దీన్ని కర్రలో చేసి చూపించండి. ఆరోజు నా బిడ్డ సంతకం పెడతాది.”

లాయర్లు చేతిని నమ్మరని ఫిర్దోస్‌కు తెలుసు. అందుకే ఆమె ఒక ఫొటో కూడా తెచ్చింది. అందులో, తాను పుట్టకముందు నెల్లూరులో జరిగిన ఎగ్జిబిషన్లో పడుచు సుగ్రాబీ మెలిక గరిటె పట్టుకుని నిలబడి ఉంది. వెనక గుడ్డ మీద సంవత్సరం పెద్ద అంకెల్లో ఉంది. లాయరు దాన్ని కెమెరాకు దగ్గరగా పెట్టించుకుని చూసి, “పంపించండి” అని మాత్రం అన్నాడు.

పదిరోజులకు జవాబొచ్చింది. పిడి తమదన్న మాటను కంపెనీ వెనక్కి తీసుకుంది. ప్రసాద్ ఆఫీసుకు పని ఆపలేదు. కానీ ఫిర్దోస్ ఆ రాత తీసేదాకా ఆమె చేతి పని తమకు వద్దంది.

ప్రసాద్ తల ఎత్తకుండానే అడిగాడు. “గెలిచినావు కదమ్మా. ఆ రాత ఒక్కటి తీసెయ్. ఎవురికీ నష్టం లేదు.”

“అందులో అబద్ధం ఉంటే చూపించన్నా, ఇప్పుడే తీసేస్తా.”

అతను తన కంప్యూటర్ వైపు తిరిగాడు. ఆమె తన మౌస్, నీళ్ల బాటిల్ సంచిలో వేసుకుంది. ఉదయగిరి బస్సులో, దారిలో దుత్తలూరు దాటేదాకా ఏడ్చింది. పక్కసీట్లో కూర్చున్నామె ఎందుకని అడిగితే దాచకుండా అంతా చెప్పింది. విన్నామెకు కత్తి సంగతి ఏమీ అర్థం కాలేదు. “సంతకం పెట్టకుండా మంచిపని చేసినావు” అంది.

ఇప్పుడు ఫిర్దోస్ ఉదయగిరిలో, తల్లి పనిచేసే వసారా పక్క గదిలో కూర్చుని చిన్నచిన్న ఆటలకు ఆయుధాలు చేస్తోంది. తెర మీద చెక్కిందాన్ని తల్లికి చూపిస్తే, “ఇక్కడ పట్టు లేదు, చెయ్యి జారతాది” అని సుగ్రాబీ తిట్టిపోస్తుంది. అది ఆటలోని కత్తి అమ్మా, ఎవరి చెయ్యీ జారదు అంటే వినదు. ఫిర్దోస్ సరిచేస్తుంది.

పోయిన వారం విశాఖపట్నం నుంచి ఒక సంస్థ రాసింది. ఒక కవచం చేసి, దాన్నే నలభై రకాలుగా మార్చి ఇవ్వాలట. ఫిర్దోస్ తెలుగులోనే జవాబు రాసింది. “చేస్తాను. నలభైకీ మూలం ఒక్కటేనని ఆటలో కనిపించేట్టు రాయాలి. ముందు మా అమ్మ పేరు, తర్వాత నా పేరు ఉండాలి. కుదరకపోతే వేరేవాళ్లను చూసుకోండి.”

వాళ్ల దగ్గరనుంచి ఇంకా జవాబు రాలేదు. ఆమె ఎదురుచూడడమూ లేదు. నిన్ననే ఒక డాలు మొదలుపెట్టింది.