పాలక మండలిలో ఆమేన్

రెండేళ్ల క్రితం శ్రీకాకుళం దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర పరిశోధన చేస్తున్నప్పుడు నన్ను పాలక మండలిలోకి తీసుకున్నారు. పరిశోధక విద్యార్థుల తరఫున ఒకరు ఉండాలన్నది అక్కడి నియమం. మండలి ముందుకొచ్చే అంశాల వరుసను ఎజెండా అంటారు. వైస్ చాన్సలర్ గారు ఒక్కో అంశం చదువుతారు. ఎవరూ కాదనకపోతే అది తీర్మానమైపోతుంది. కాదనడానికి మనకు దొరికే వ్యవధి, ఆయన కాగితం తిప్పేటంత.

ఆసారి ఎజెండాలో సాయంత్రం బస్సు రద్దు ఉంది. ల్యాబ్ మూసేశాక మమ్మల్ని శ్రీకాకుళం చేర్చేది ఆ బస్సొక్కటే. నాతో పాటు పరిశోధన చేసే గౌరిది కోటబొమ్మాళి. ఈ బస్సు ఉంటేనే ఆమెకు శ్రీకాకుళంలో ఊరి ఆఖరి బస్సు అందుతుంది. "బస్సు లేదంటే సదువూ లేదు" అని వాళ్ల నాన్న తేల్చేశాడు.

సమావేశానికి వెళ్తుంటే గౌరి నన్ను గుమ్మంలో ఆపింది.

"ఒసే, నీ ప్రార్థనలు నువ్వు సేసుకో. గానీ ఆ అంశం వచ్చీసరికి నోరు తెరు. పెద్దోలని సూసి మూసుకుండిపోకు."

"తెరుస్తానే. ప్రభువే మాట ఇస్తాడు" అన్నాను.

మా వీసీ గారు తెలుగు ఆచార్యులు. ప్రతి తీర్మానాన్నీ తీరిగ్గా, రాగయుక్తంగా చదివి "గాక" అని ముగించేవారు. ఇక్కడే నాకు చిక్కొచ్చింది. మా సంఘంలో పాస్టరు గారి ఆశీర్వాదంలో ప్రతి వాక్యమూ "గాక"తోనే ముగుస్తుంది. ఆ మాట చెవిన పడగానే ఊరంతా వినపడేలా ఆమేన్ అనడం నాకు ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ అలవాటు. మొదటి రెండు మూడు అంశాలకు పెదవి కొరుక్కుని ఆపుకున్నాను. బస్సు అంశం దగ్గర పడుతోంది. కళ్లు మూసుకుని, ధైర్యమివ్వమని ప్రభువును వేడుకుంటున్నాను. ప్రార్థన మంచి ఊపులో ఉండగా ఎక్కడి నుంచో వినిపించింది:

"...నిలుపుదల చేయబడును గాక!"

"ఆమేన్!" అన్నాను, హాలు మారుమోగేలా.

కళ్లు తెరిచేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. ఎదురుగా కూర్చున్న సభ్యుడు, రైసు మిల్లు యజమాని, బల్ల చరిచి నవ్వాడు. "సూసారేటండి! బస్సెక్కే గుంటపిల్లే ఒప్పీసుకుంది. ఇంకేటి కావాల?"

రిజిస్ట్రార్ గారు మినిట్స్‌లో, అంటే సమావేశపు నమోదులో, "ఏకగ్రీవం" అని రాయబోతున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"అయ్యా, అది చెల్లదండి!"

"ఆమేన్ అంటే అర్థమేమిటమ్మా?" అన్నారు వీసీ గారు.

"అలాగే జరుగును గాక అనండి."

"మరి?"

హాలంతా గొల్లుమంది. అప్పుడు నిజంగానే ప్రభువు మాట ఇచ్చాడు.

"అయ్యా, మా సండే స్కూల్లో వినకుండా ఆమేన్ అంటే టీచరు లేపి నిలబెట్టి, దేనికన్నావో చెప్పమనేవారు. చెప్పలేకపోతే ఆ ఆమేన్ లెక్కలోకి రాదు. నేను వినలేదండి, ప్రార్థనలో ఉన్నాను. తమరంతా విని తల ఊపే ఉంటారు. ఆ బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందో, ఎవరెక్కుతారో ఎవరైనా చెప్పగలరా?"

అందరూ ఎజెండా కాగితాల్లో వెతకడం మొదలెట్టారు. మిల్లు యజమాని మెడ గోక్కున్నాడు. "నాకేటి తెలుసమ్మా? అందరూ ఊపుతన్నారని నానూ ఊపీసాను. అయితే నాదీ చెల్లదన్నమాటే."

ఇక గౌరి సంగతి చెప్పాను. వీసీ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, కొత్త వాక్యం కట్టారు. "మండలి సభ్యులు స్వయముగా ఆ బస్సులో ప్రయాణించి నివేదించువరకు, అది యథావిధిగా నడుచును గాక!"

మళ్లీ అందరూ నా వైపే చూశారు. ఈసారి ఆ వాక్యాన్ని మొదటి నుంచి చివరిదాకా మనసులో చదువుకుంటున్నాను.

"బేగి అనమ్మా, కాగితం తిప్పీగలరు!" అని మిల్లు యజమాని కంగారు పడ్డాడు.

"ఆమేన్" అన్నాను, నెమ్మదిగా.

ఆ సాయంత్రం అదే బస్సులో గౌరికి జరిగిందంతా చెప్పాను. పక్క సీట్ల వాళ్లు తిరిగి చూసేలా నవ్వి, కళ్లు తుడుచుకుంది.

"నాదే తప్పులే. నోరు తెరవమన్నాను గానీ, ముందు సెవులు తెరవమని సెప్పలేదు."

ఇప్పుడు నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. స్టాఫ్ మీటింగులోనైనా, ఆదివారం ఆరాధనలోనైనా గౌరి చెప్పిన వరుసే పాటిస్తున్నాను. నా ఆమేన్ ఇప్పుడు అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. పాస్టరు గారు దానికోసం ఆగుతారు.