షాకర్ సైకిలుకు మావయ్య చేసిన క్యారియర్

మా పక్కింటి మావయ్య పోయిన సంగతి నాకు భిలాయి-3లో తెలిసింది. జంతికల డబ్బాలు దించుతుంటే, ఎస్టీడీ బూత్ ఉన్న కిరాణా కొట్టాయన బయటికొచ్చి, "భయ్యా, ఘర్ జావ్" అంటూ నా భుజం మీద చెయ్యి వేశాడు. వెంటనే ఇంటికి రమ్మని మావాళ్ల ఫోనొచ్చిందట. మిగతా డబ్బాలు అక్కడే వదిలేసి, మేముండే క్యాంప్ 2 దాకా ఏడుస్తూనే తొక్కాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆయన నాకు చుట్టం కాదు. వాళ్లదీ మాదీ శ్రీకాకుళం వైపు, ఇక్కడ భిలాయిలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, అంచేత మావయ్య. స్టీలు ప్లాంటులో ముప్ఫయ్యేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. మీరు ఆయన్ని ఎరగరు. మా వీధిలో ఉండుంటే మాత్రం మీ ఇంట్లో ఆయన బిగించిన బోల్టు ఒకటైనా ఉండేది.

మా ఆవిడ జంతికలు వండుతుంది, నేను సైకిలు మీద చుట్టుపక్కల ఉతై, భిలాయి-3 కొట్లకు వేసొస్తాను. పాత సైకిలు మూలపడ్డప్పుడు నా బుద్ధి గడ్డి తిని డబుల్ షాకర్ సైకిలు కొన్నాను. ముందు చక్రానికి స్ప్రింగులు, సీటు కింద లావుపాటి స్ప్రింగు ఇంకోటి. కుర్రకారు షోకుకు చేసిన బండి అది, దానికి క్యారియరే రాదు. నేనూరుకుంటానా? మామూలు క్యారియరొకటి తెచ్చి, ఒక కొస సీటు గొట్టానికి, ఇంకో కొస వెనక ఇరుసుకు బిగించేశాను. మొదటి గుంతలోనే స్ప్రింగు నొక్కుకుపోయి చక్రం పైకి లేచింది, కడ్డీలు వంగిపోయాయి, డబ్బా ఎగిరి పడింది. ఇంటికి తెచ్చింది జంతికలు కాదు, పొడి.

మావయ్య పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ పొడి గిన్నెడు పట్టుకెళ్లి పెరుగన్నంలో నంజుకున్నారు కూడా. తర్వాత రెండు రోజులు సైకిలు పక్కన పీట వేసుకుని కూర్చుని, సీటు నొక్కడం, చక్రం ఎంత పైకొస్తోందో చూడడం, ఇదే పని. నాకు ఒళ్లు మండి ఇంకెన్నాళ్లని అడిగితే తాపీగా చెప్పారు.

"సక్రం దాని దారిన అది ఎగుర్తాదిరా. సామాను మనిసితో ఉండాల గానీ సక్రంతో కాదు."

అలాగే చేశారు. క్యారియరును సీటు గొట్టానికి పట్టి, ముందు ఫ్రేముకే ఊతం ఇచ్చి, చక్రం వైపు ఎక్కడా తగలనివ్వలేదు. స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నా చక్రానికీ డబ్బాకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం. అంతా అయ్యాక తనే దాని మీద ఎక్కి కూర్చుని నన్ను తొక్కమన్నారు. తన ఒళ్లు పెట్టి చూడనిదే పని అప్పగించకపోవడం ఆయన ప్లాంటు అలవాటు. వీధి చివరిదాకా వెళ్లొచ్చి దిగి, "బస్, సాలు. ఇంక నీ డబ్బాలు ఏపాటి" అన్నారు.

ఆ తర్వాత నా జంతిక ఒక్కటీ విరగలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, పాత ట్యూబు చీల్చి చేసిన పట్టీలతో డబ్బాలు ఆయనే కట్టేవారు. ముడిని రెండుసార్లు లాగి చూసి, డబ్బా మీద తట్టి, "చలో" అనేవారు. ఆయాసం పట్టుకున్నాక కూడా మానలేదు. మధ్యమధ్య గోడ పట్టుకుని ఆగేవారు, అంతే.

దీపావళికి ముందు ఓ శనివారం, ముడి వేస్తూ అడిగారు.

"రేపు నీకు సామాను నేదు గదా. ఓపాలి ఉతై తీసుకెళ్తావేటి నన్ను? ఇల్లూ ప్లాంటూ తప్ప ఈ ఊళ్లో ఏటీ సూడ్నేదు. ఆ దారంట వరిసేలు పండున్నాయంట గదా."

వారమంతా తొక్కిన కాళ్లు. ఆదివారం పడుకోవాలని నాకు ఆశ. "స్ప్రింగు ఓపదు మావయ్యా" అన్నాను.

ఆయన ఒక్కసారి సైకిలు వైపు చూశారు. అది ఎంత ఓపుతుందో ఈ లోకంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి. నా అబద్ధాన్ని పట్టుకోవచ్చు, నాలుగు తిట్టొచ్చు. "ఓపదులే" అని, డబ్బా మీద తట్టి, "చలో" అన్నారు. నా పరువు కాపాడారు. వచ్చే వారం తీసుకెళ్దామనుకున్నాను. అలా ఎన్ని ఆదివారాలు అనుకున్నానో. చేలు కోసేశారు. మావయ్య పోయారు.

పదో రోజు అత్త నన్ను పిలిచి, పాత పేపరులో చుట్టిన పొట్లం చేతిలో పెట్టింది. విప్పితే రెండు ఇనప ఫుట్‌రెస్టులు. జారకుండా వాటికి నల్ల రబ్బరు తొడిగుంది.

"నిన్నడగక ముందే సేసుకున్నార్రా. కాళ్లు ఏలాడితే నీకు తొక్కడం కట్టమవుద్దని" అంది.

నేను అత్త కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఆవిడకు నిజం చెప్పేశాను. ఆవిడ నా తల మీద వేసిన చెయ్యి తియ్యలేదు.

ఇంటికొచ్చి బిగిస్తే, ఒక్క రంధ్రం వెయ్యక్కర్లేకుండా సరిగ్గా కూర్చున్నాయి. ఎప్పుడు కొలత తీసుకున్నారో తెలియదు. మొన్న ఆదివారం సామాను లేకుండా ఉతై వెళ్లాను. దారికి రెండు వైపులా కోసేసిన చేలు, మోళ్లు. మధ్యలో ఆగి కిందికి చూస్తే, ఎవరూ కాలు పెట్టని ఆ కొత్త రబ్బరు మీద సన్నగా దుమ్ము పడుతోంది.