ఎస్తేరుకు నేను నేర్పని కీబోర్డు

చిన్నప్పుడు మా బడిలో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళేవాళ్ళం... దుమ్ము పడితే మిషన్లు ఖరాబవుతాయని మా లెక్కల మేడం భయం. కోస్గి దగ్గర చిన్న ఊరు, సర్కారు బడి. తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. ఆరు కంప్యూటర్లలో నడిచేవి నాలుగు... మేమేమో నలభై మందిమి!

మేడం ఒక పద్ధతి పెట్టింది. ఇద్దరిద్దరు జోడీ కట్టాలి. ఒకే వాడ పిల్లలు జోడీ కట్టకూడదు. ఒకరికి వచ్చింది రెండోవాళ్ళకు నేర్పితేనే కొత్త పాఠం.

"నీకొక్కదానికే వస్తే ఏం ఫాయిదా? నీ జోడీకి గూడ రావాలె" అనేది.

అలా నా పక్కకు ఎస్తేరు వచ్చింది. మాది ఊరి నడుమ ఇల్లు, నాలుగెకరాల కంది చేను. వాళ్ళది ఊరి చివర, చర్చి వెనక. వాళ్ళమ్మ మా చేలోకి కలుపు తీయడానికి వచ్చేది. ఐదేళ్ళుగా ఒకే తరగతిలో ఉన్నా అప్పటిదాకా మేం సరిగా మాట్లాడుకున్నదే లేదు.

మా చిన్నాయనకు జిరాక్స్ సెంటర్ ఉండేది కాబట్టి నాకు కీబోర్డు ముందే వచ్చు. ఆ గొప్ప చెప్పుకోకుండా ఒక్క రోజైనా గడిచేది కాదు. ఎస్తేరు మాత్రం ఒక్కో అక్షరం కోసం వేలు గాల్లోనే ఆపి వెతుక్కునేది...

ఒకరోజు మేడం కంప్యూటర్లన్నీ బందు పెట్టించి, వరండాలో పల్లికాయ పోసింది. ఎనిమిది మందిని కూర్చోబెట్టి తలా ఒక కుప్ప ఒలవమంది. పెద్ద పెద్ద కంప్యూటర్లంటే ఒక్క మిషన్ కాదట... వేల మిషన్లు కూలీల్లాగా పని పంచుకుంటాయట.

నేను గబగబా నా కుప్ప ఒలిచేసి కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. మా తరగతి రజియా కుప్ప సగం కూడా కాలేదు. ఎస్తేరు తన కుప్ప ముగించి, ఎవరినీ అడగకుండా రజియాకు ఎదురుగా వెళ్ళి కూర్చుని అవతలి వైపు నుంచి ఒలవడం మొదలుపెట్టింది.

"ఎందుకట్ల చేసినవే?" అని మేడం అడిగింది.

"మా అమ్మోళ్ళు కలుపు తీసేటప్పుడు గంతే మేడం. తలా ఇన్ని సాళ్ళని ఎవరి మునుం వాళ్ళకుంటది. ముందుగాల ఒడిసినోళ్ళు వెనకబడ్డోళ్ళకు ఎదురుగ పోయి వాళ్ళ సాలు గూడ పడ్తరు. లేకుంటే పని యాడ ఒడుస్తది?"

 మేడం ఎస్తేరును దగ్గరికి తీసుకుని, "పెద్ద కంప్యూటర్లల్ల గిదే చేస్తరే బిడ్డా! సదువుకున్నోళ్ళు ఎంతో తిప్పలువడి కనిపెట్టిన్రు" అంది.

నాకు కుళ్ళు పుట్టింది. అబద్ధమెందుకు... ఆ మెప్పు నాకు రావాల్సింది అనుకున్నాను.

ఆ ఏడాదే పట్నంలో ఒక పెద్ద కాలేజీవాళ్ళు పల్లెటూరి పిల్లలకు కంప్యూటర్ శిక్షణ పెట్టారు. మా బడికి రెండు సీట్లు. దొరికినవాళ్ళను ఆ తర్వాత కూడా హాస్టల్లో ఉంచి చదివిస్తారు. పరీక్ష మాత్రం కంప్యూటర్ మీదే, గంటలో లెక్క చేసి టైపు చేయాలి. ఎస్తేరు వాళ్ళ ఇంటికి మేడం వెళ్తూ నన్ను కూడా తీసుకెళ్ళింది.

"ఎండకాలం పూనాకు పనికి పోతున్నం మేడం" అన్నాడు వాళ్ళ బాపు. "సీటొస్తే హాస్టల్ల ఉండి సదువుకుంటది. రాకుంటే మా ఎంబడి రావాల్సిందే. ఈడ ముసలి అవ్వకాడ ఇడిసిపెట్టి నేను ఫికర్ చెయ్యలేను."

ఆ మాట నేను నా చెవులతో విన్నాను.

పరీక్షకు ఇంకా నెల ఉంది. రోజూ అరగంట కీబోర్డు తనకిస్తే చాలు... నేర్చుకునేది. నేనివ్వలేదు. "రేపు నేర్పుతలే" అనేదాన్ని. తను చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా పక్కనే, నా వేళ్ళకేసి చూస్తూ కూర్చునేది. ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు.

పరీక్ష రోజు గంట అయిపోయేసరికి ఎస్తేరు తెర మీద నాలుగు వరుసలే ఉన్నాయి. పక్కన కాగితం మీద మాత్రం లెక్క మొత్తం పెన్సిల్‌తో సరిగ్గా రాసి ఉంది. మేడం ముఖం ఎర్రబడింది.

"నీ జోడీ నీకు నేర్పలేదా? నిజం చెప్పు. నేర్పకుంటే దాని పేరు గూడ కొట్టేస్త."

 ఎస్తేరు నా వైపు చూసింది... ఒక్క క్షణమే.

"నేర్పింది మేడం. నాకే రాలే."

సీట్లు నాకూ రజియాకూ వచ్చాయి. వారం తిరక్కుండానే ఎస్తేరు వాళ్ళు రేకు పెట్టె, గిన్నెల మూటతో పూనా బస్సెక్కారని మా అమ్మ చెప్పింది. నేను ఇల్లు కదల్లేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్తాను?

ఇప్పుడు నా ఉద్యోగం ఆ పెద్ద కంప్యూటర్లతోనే. మొన్న ఊరికి వెళ్ళి బడి చూసి వచ్చాను. గది నిండా కొత్త కంప్యూటర్లు, తలా ఒకటి. చూస్తే సంతోషమేసింది... కానీ జోడీలు లేవు. ఎవరి తెర వాళ్ళది, ఎవరి చెవుల్లో వైర్లు వాళ్ళవి. ఒక కుర్చీలో ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నప్పుడు నా భుజానికి తగిలిన ఆ భుజం కోసం ప్రాణం కొట్టుకుపోయింది.

ఎస్తేరు వాళ్ళ ఇంటికి తాళం ఉంది. వాళ్ళ అవ్వ పోయాక ఎవరూ రాలేదట. పూనాలో ఎక్కడున్నారో చెప్పేవాళ్ళు దొరకలేదు.

మీ పక్కన కూర్చుని మీకు నేర్పినవాళ్ళు, మీ దగ్గర నేర్చుకోవాలని ఎదురుచూసినవాళ్ళు గుర్తున్నారా? వాళ్ళ పేర్లు ఈ పోస్టు కింద రాయండి... ఎవరో ఒకరు చూడకపోరు.

మేడం, మీరు కూడా ఇక్కడ చదువుతుంటారని తెలిసింది. ఆ రోజు ఎస్తేరు మీకు అబద్ధం చెప్పింది. నేను తనకు ఒక్క అక్షరం కూడా నేర్పలేదు.