మా వదినకు అమ్మవారు రాలేదు

మా వదిన అరుంధతి గురించి ఊళ్లో ఇప్పటికీ రెండు రకాలుగా చెప్పుకుంటారు. అమ్మవారు వచ్చిపోయిన మనిషని కొందరు, వచ్చిన అమ్మవారిని వద్దన్న మొండిఘటమని కొందరు. రెండూ తప్పే. పక్కనే ఉండి అంతా చూసిన ఆడబిడ్డను, అరుణను, నేనున్నాను కదా, నన్నడిగితే ఉన్నదున్నట్టు చెప్పనా? ఎవరూ అడగరు. అందుకే అడక్కుండానే చెబుతున్నాను.

వదిన పుట్టిల్లు జనగామ. అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో, ఆమె టీచరు ట్రైనింగు చదువుతోంది. ఒకనాడు స్టేషను ముందు జనంలో నిలబడి ఉండగా ఎక్కడో ఏదో పేలినట్టు చప్పుడైంది. అందరూ ఒక్కసారిగా పరుగెత్తారు. వదిన గోడకూ మనుషులకూ మధ్య ఇరుక్కుపోయింది. ఊపిరి ఆడలేదు. ఇక చచ్చిపోయాననే అనుకుందట. చివరికి ఒంటిమీద గీత కూడా పడకుండా ఇంటికి నడిచి వచ్చింది. కానీ ఆ భయం ఆమెను వదల్లేదు. పెళ్లయ్యాక ఆమెతోపాటు మా ఇంటికీ వచ్చింది.

మాది దంతాలపల్లి దగ్గర పల్లె. వదినకు దంతాలపల్లి బడిలో ఉద్యోగం. రోజూ బస్సులో పోయి రావాలి. బస్సు కిక్కిరిసిందంటే చాలు, ఆమె గుండె దడదడలాడేది. చేతులు చల్లబడేవి, కళ్లకు చీకట్లు కమ్మేవి, ప్రాణం ఇప్పుడే పోతుందన్నంత నమ్మకంగా అనిపించేది. పెళ్లిళ్లలో, అంగట్లో, ఎక్కడ జనం గుమిగూడితే అక్కడ అదే తంతు. చూసినవాళ్లు సుకుమారమన్నారు. పని తప్పించుకునే వేషమన్నారు. అలా అన్నవాళ్లలో ఒక్కరినైనా ఆ బస్సులో ఆమె ఒంటితో కూర్చోబెట్టి చూడాలని నాకు ఇప్పటికీ ఉంది.

ఒకసారి జనగామ తీసుకుపోయి దవాఖానలో చూపించాను. డాక్టరు అన్నీ పరీక్షించి, "గుండె గట్టిగనే ఉన్నదమ్మా. గిది భయం. వస్తది, పోతది. పానం తియ్యదు" అన్నాడు. తిరుగు బస్సులో వదిన నా వైపు తిరిగింది.

"చావనని తెలిసినంక ఇగ దీని సంగతి నేను జూస్త, అరుణా" అంది.

చూసింది కూడా. బస్సులో తలుపు పక్క సీటులోనే కూర్చునేది. భయం మొదలైతే పందొమ్మిదో ఎక్కం అందుకునేది. పదో ఎక్కం ఎందుకు కాదంటే, అది నోరు దానంతటదే చదువుకుపోతుందట, మనసుకు తీరిక దొరికి మళ్లీ భయపడుతుందట. పందొమ్మిదయితే మనసు కూడా కూర్చుని లెక్కచెయ్యాలి. కండక్టరు భిక్షపతి అది మంత్రమనుకుని ఆమెకు దండం పెట్టి మరీ టికెట్టు ఇచ్చేవాడు. ఎక్కంతో కూడా అణగకపోతే బస్సు దిగి నడిచేది. కాళ్ల నిండా దుమ్ముతో బడికి చేరేది, కానీ చేరేది.

ఇట్లా నెట్టుకొస్తుండగా ఒక శ్రావణంలో పోచమ్మ బోనాలొచ్చాయి. గుడి ముందు డప్పులు, సాంబ్రాణి పొగ, ఇసుక వేస్తే రాలనంత జనం. వదిన నెత్తిమీద బోనంతో వణికిపోయి కూలబడింది. ఇంకెక్కడైనా అయితే మొహాన నీళ్లు చల్లేవాళ్లు. మా ఊళ్లో, బోనాలనాడు, గుడి ముందు ఆడమనిషి వణికితే ఇంకేముంది, అమ్మవారు పూనినట్టే లెక్క. పసుపు పూశారు, వేపమండలు చేతికిచ్చారు, చుట్టూ మూగారు. ఎవరో చేతులు జోడించి, "అమ్మా, వానలు పడతయా?" అని అడిగారు. ఊపిరాడక అల్లాడుతున్న మనిషి ఏం చెబుతుంది? "పడతయి, జరుగుండ్రి" అంది.

ఆ సాయంత్రమే వాన పడింది. శ్రావణమాసంలో వాన పడక నిప్పులు పడతాయా? ఆ మాట నేనంటే నన్ను కసిరారు.

అప్పట్నుంచి మా వాకిలి తీర్థమైపోయింది. బిడ్డకు జ్వరమని ఒకరు, బర్రె ఈనలేదని ఒకరు. మా అవ్వ కమలాదేవి, అంటే నా కన్నతల్లి, నేలమీద నడవడం మానేసింది. ఊళ్లో పెద్ద కుటుంబం, దానికి తోడు ఇంట్లో అమ్మవారు, ఇంకేం కావాలి? వచ్చే బోనాలకు వదినకు ఒడి నింపి, నుదుట బండారి పసుపు పెట్టి, అమ్మవారి మనిషిగా కూర్చోబెట్టాలని పెద్దలంతా నిర్ణయించేశారు. ఆ తర్వాత బడి ఉండదు. అమ్మవారి మనిషి బస్సులెక్కి తిరుగుతుందా మరి? మా అన్న రామ్మోహన్ "చూద్దాం తియ్యి" అన్నాడు. ఎడ్లకు తప్ప ఎవరికీ ఎదురుచెప్పి ఎరగడు.

"జరమొచ్చిందని పండుకో వదినె, ఆ రోజు గడిచిపోతది" అన్నాను నేను.

"ఈ యేడు పండుకుంటె వచ్చే యేడు గూడ పండుకోవాలె. అరుణా, బడి పోతే నాకు భయమొక్కటే మిగుల్తది" అంది వదిన. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

బోనాలనాడు అందరితోపాటు ఆమె కూడా బోనమెత్తింది. గుడి దగ్గర డప్పుల జోరు పెరిగింది. జనం ఒకరినొకరు తోసుకున్నారు. వదిన మొహం పాలిపోయింది, చేతులు వణికాయి. ఈసారి కూలబడలేదు. బోనాన్ని తనే జాగ్రత్తగా దించి నేలమీద పెట్టింది. జనం చుట్టూ మూగారు. మా ఊళ్లో ఎన్నో ఏళ్లుగా అమ్మవారు పూనే మంగమ్మ, బండారి పళ్లెం పట్టుకుని ముందుకొచ్చి, వదిన నుదుటివైపు చెయ్యి చాపింది.

వదిన ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"మంగవ్వా, ఆగు. నాకు అమ్మ రాలే. నాకు భయమైతుంది."

డప్పులు ఆగిపోయాయి. మా అవ్వ గొంతు లేచింది. "అమ్మ ముంగట గవేం మాటలే?"

"అమ్మకు దండం పెడత, అత్తమ్మా. బోనమెత్తిన, మల్ల యేడు గూడ ఎత్తుత. కని గిది అమ్మ కాదు. గుంపుల నా గుండె కొట్టుకుంటది, ఊపిరాడదు. నిరుడు గూడ గదే. జరసేపు కూసుంటె పోతది. మీరు జర జరుగుండ్రి."

అని, ఊరందరి ముందు నేలమీద చతికిలబడి కూర్చుంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. నేను కొంగుతో విసురుతున్నాను. జనం వెనక్కి జరిగి, నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. మెల్లగా వణుకు తగ్గింది. మొహంలోకి రక్తం వచ్చింది. కొంగుతో చెమట తుడుచుకుని, మంచినీళ్లడిగి తాగింది. భయం వచ్చి, ఉండి, వెళ్లిపోవడం ఊరంతా కళ్లారా చూసింది. ఆ నిమిషంలో ఆమెను చూసి నేను పడ్డ గర్వం అంతా ఇంతా కాదు.

మంగమ్మ పళ్లెం పక్కనపెట్టి ఆమె దగ్గర కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. ఇప్పుడు మంగమ్మ లేదు కాబట్టి చెబుతున్నాను.

"చేతులు సల్లవడ్తయా?"

"పడ్తయి."

"సచ్చిపోతననిపిస్తదా?"

"అనిపిస్తది. కని చావం, మంగవ్వా."

మంగమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది. "నాకు పెండ్లయిన కొత్తల గిట్లనే మొదలైంది బిడ్డా. భయమైతుందని జెప్పిన. ఎవ్వలు ఇనలే" అంది. తర్వాత పళ్లెం తీసుకుని లేచి, గట్టిగా, "గీమెకు బండారి అక్కర్లేదు. నడువుండ్రి, పొద్దువోతుంది" అని అందరినీ గుళ్లోకి తోలింది. మంగమ్మ మాటకు ఊళ్లో తిరుగులేదు.

 ఇంటికొచ్చాక, దీపాలు పెట్టే వేళకు అవ్వ వంటింటి గడప మీద కూర్చుని, బియ్యం ఏరుతున్న వదినను అడిగింది.

"గంత భయముంటె మరి బడికెట్ల పోతవే?"

"భయపడుకుంటనే పోత, అత్తమ్మా. ఇన్నేండ్లు గట్లనే పోయిన."

అవ్వ ఆమె చేతులవైపు చూసింది. తర్వాత చాట తన ఒళ్లోకి లాక్కుని, "గట్లయితే తిని జల్ది పండుకో. పొద్దుగాల నేను లేపుత" అంది.