లంక కొసకు ఎన్ని అడుగులు

మా ఆయనకు గుండె ఆపరేషనయి ఆ రోజుకు నూట పధ్నాలుగు రోజులు. రోజూ నడక నాలుగు వేల అడుగులు దాటకూడదని డాక్టరు చెప్పాడు. ఎన్ని నడిచారో నేను లెక్కపెట్టి, సాయంత్రం నోటుపుస్తకంలో ఇంకుతో రాసేదాన్ని. ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచరుగా చేశాను. అంకె తేడా వస్తే నాకు అన్నం సయించదు.

ఆయన డ్రిల్లు మాస్టారు. ఏటా జనవరిలో పిల్లల్ని కృష్ణ మధ్యలో ఉన్న ఒక చిన్న లంకకు తీసుకెళ్లి రెండు రోజులు డేరాల్లో ఉంచేవారు. ఇరవై రెండుసార్లు వెళ్లారు. ఇరవై రెండుసార్లూ ఇంటికొచ్చి, లంక కొసన పాయలు కలిసేచోట నీళ్లు రెండు రంగుల్లో ఉంటాయని చెప్పారు. నేను ఒక్కసారీ వెళ్లలేదు. ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుని, "ఆ కొస నీకు చూపించలేదే" అన్నారు. గ్యాసు బుక్ చేశారో లేదో చెబుతారనుకున్నాను.

అందుకని ఫిబ్రవరి రెండో శనివారం, మా అమ్మాయి దగ్గర డేరా అడిగి తీసుకుని, పర్చూరు నుంచి బయల్దేరాం. లంకకు పడవలో దాటడానికి పదిహేడు నిమిషాలు. డేరా వాకిలి తూర్పుకే ఉండాలని ఆయన పట్టుబట్టారు. గాలీ తూర్పు నుంచే. డేరా రెండుసార్లు లేచిపోయింది.

"లంకలో గృహప్రవేశమా బాబాయిగారూ? పాలు కూడా పొంగిద్దామా?" అన్నాడు పడవ నడిపే అతను.

"నవ్వింది చాల్లే, ఆ మేకు పట్టుకో."

మూడింటికి నడక మొదలుపెట్టాం. పోను రెండు వేలు, రాను రెండు వేలు. పసుపు చేలు, అరటి తోటలు దాటితే ఇసక. పంతొమ్మిది వందల ఎనభై అడుగుల దగ్గర చూస్తే ముందింకా రెల్లు దుబ్బులే ఉన్నాయి. కొస కనబడలేదు.

"ఎంతయింది?" అన్నారు, వెనక్కి తిరగకుండానే.

తిరగమంటే తిరుగుతారు. నా లెక్కకు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. దగ్గరికెళ్లి చూశాను. ఆయాసం లేదు.

"పదమూడు వందలు" అన్నాను.

ఇంకో ఆరు వందల తొంభైకి కొస వచ్చింది. నీళ్లన్నీ ఒకటే రంగు.

"రెండు రంగులన్నారు?"

"కొత్త నీరు వచ్చినప్పుడు."

"జనవరిలో కొత్త నీరేంటండీ?"

"కళ్లజోడు తుడుచుకుని చూడు."

తుడుచుకున్నాను. ఒకటే రంగు. ఆయన మాత్రం గంటసేపు అక్కడే కూర్చుని, తానే తవ్వించినట్టు ఆ నదిని చూశారు.

నాలుగుచోట్ల కూర్చోబెట్టి, పొద్దు గుంకక ముందే డేరాకు తీసుకొచ్చాను. పడవతను టీ కాచి ఇచ్చాడు. ఆయన జేబులోంచి ఫోను తీశారు. అడుగులు లెక్కపెట్టేదేదో మా అమ్మాయి అందులో పెట్టిందట, నడక మొదలుపెట్టేటప్పుడు ఈయన నొక్కారట. నాకు చెప్పలేదు. అంకెలు పెద్దవి కాబట్టి పక్కనుంచి నాకూ కనబడింది. ఐదు వేల మూడు వందల నలభై రెండు. నా అసలు లెక్కకు రెండే తేడా.

ఆయన దాన్ని కాసేపు చూసి జేబులో పెట్టుకున్నారు.

"ఇసకలో దీనికి లెక్క తెలిసినట్టు లేదు. నీకెంతొచ్చింది?"

"మూడు వేల తొమ్మిది వందల ఎనభై."

"అయితే అదే రాయి."

రాశాను. ఆ పుస్తకంలో పెన్సిలుతో ఉన్న అంకె అదొక్కటే.