మూడుసార్లు అనాల్సిన మాట

మొన్న ఆదివారం మా మనవరాలు పరదా వెనక దాక్కుంది. పాదాలు రెండూ బయటికే కనబడుతున్నాయి. అయినా కాసేపు వెతికినట్టు నటించి, "ఓడిపోయినా తల్లీ" అన్నాను. ఇంత తొందరగానా అవ్వా అని మూతి ముడిచింది. ఆ మాట నా నోట ఇంత సులువుగా రావడానికి కారణం పాకాల స్టేషన్.

డెబ్భైల చివర్లో నాయన అక్కడి గూడ్సు షెడ్డులో పనిచేసేవాడు. బొగ్గు పొగ, బెల్లం వాసన కలిసిన గాలిలో పెరిగాం మేము. షెడ్డు దగ్గర ఆడొద్దని నాయన చెప్పని రోజు లేదు, మేము విన్న రోజూ లేదు. దాగుడుమూతల్లో మా వీధికొక నియమం ఉండేది. దొరకనివాళ్లు బయటికి రావాలంటే వెతికేవాళ్లు "ఓడిపోయినా" అని మూడుసార్లు గట్టిగా అరవాలి. నాకది చెడ్డ నామోషీ. అందులోనూ నాలుగేళ్లు చిన్నదైన చెల్లెలి ముందా? అందుకని నాయన పిలుస్తున్నాడనీ, అమ్మ ఏడుస్తోందనీ బొంకేదాన్ని. పాపం, అది నమ్మి వచ్చి దొరికిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం అది ఎంతకీ దొరకలేదు. విసుగొచ్చి, దాన్ని అలాగే వదిలేసి, ఇంటికి పోయి మజ్జిగన్నం తింటూ కూర్చున్నాను. అదీ నా ఘనత. ఇంతలో ఇంజను కూత వినబడింది. షెడ్డు పక్కన నిలబెట్టిన, కాట్పాడి వైపు పోవాల్సిన ఖాళీ వ్యాగన్లు గుర్తొచ్చాయి. అది వాటిలోనే దాక్కుందేమో.

ఎంగిలి చేత్తోనే పరుగెత్తి నాయనకు చెప్పాను. ఆయన బండి ఆపమని గార్డు దగ్గరికి పరుగెత్తాడు. గార్డు జెండా చంకలో పెట్టుకుని, "యాడో ఆడుకుంటా ఉంటాదిలే అప్పా. ఎనక పాసింజరు వస్తా ఉండాది, ఐదు నిమిషాలే నిలపగలను" అన్నాడు. నాయన, ఇద్దరు హమాలీలు వ్యాగను వ్యాగనుకూ పరుగెత్తారు. లోపల చీకటి, చినిగిన గోతాల గుట్టలు. "పాపా, నేను మీ నాయన్ని, పిలస్తా ఉండా, రామ్మా" అని అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయింది. "మీ అమ్మ ఏడస్తా ఉండాది పాపా" అన్నాడొక హమాలీ. ఎక్కడా చప్పుడు లేదు. ఇంజను మళ్లీ కూసింది.

అప్పుడు తట్టింది నాకు. వాళ్లు అంటున్నవన్నీ నా పాత అబద్ధాలే. ఇక అది ఎందుకు నమ్ముతుంది?

పట్టాల పక్కన నిలబడి "ఓడిపోయినా" అని అరిచాను. మూడోసారికి ఏడుపే వచ్చింది. ఏడో వ్యాగన్లో గోతాలు కదిలి, దుమ్ము కొట్టుకున్న తల ఒకటి లేచింది.

"నాయన్ను గూడా నీ జట్టులో కలుపుకున్నావనుకున్నా" అంది.

నాయన మమ్మల్ని కొట్టలేదు. దాన్ని ఎత్తుకుని, చివరి వ్యాగను మలుపు తిరిగేదాకా దింపకుండా నిలబడ్డాడు.

ఆ పాపకిప్పుడు యాభై దాటాయి. ఫోన్లో మాట మాట పెరిగితే ముందు నేనే ఓడిపోయినానంటాను, అది నవ్వుతుంది. గార్డు ఇచ్చింది ఐదు నిమిషాలే, నాకు మాత్రం అవి ఇంకా పూర్తి కాలేదు.